లెనార్మాండ్ ముక్కల్లో దిక్కునూ దూరాన్నీ ఎలా చదవాలి?

ప్రశ్న

ఆరు నెలలుగా లెనార్మాండ్ అనే జోస్యపు పేక చదవడం నేర్చుకుంటున్నాను. మూడు, ఐదు ముక్కల వరకు తడబాటు లేదు గాని, 36 ముక్కలూ ఎనిమిదేసి చొప్పున నాలుగు వరుసలు, అడుగున మిగిలిన నాలుగుగా పరిచే గ్రాండ్ టాబ్లోలో దిక్కు తోచడం లేదు. నిన్న నా కోసం పరుచుకుంటే స్త్రీ (29) రెండో వరుసలో ఐదో చోట వచ్చింది. ఆమెకు ఎడమ పక్కనే మేఘాలు (6), కుడివైపు ఒక ముక్క దాటాక ఉంగరం (25), నాలుగో వరుస మొదట్లో ఎలుకలు (23) ఉన్నాయి. ఎడమ గతం, కుడి భవిష్యత్తు అని కొందరు, మనిషి ముఖం ఎటుంటే అటే భవిష్యత్తు అని మరికొందరు చెబుతున్నారు. నా పేకలో స్త్రీ ఎడమకు చూస్తోంది కనుక, మేఘాలు గడిచిపోయిన చిక్కో రాబోయే చిక్కో తేలడం లేదు. తలకిందులుగా పడిన ముక్కకు టారో అనే మరో జోస్యపు పేకలో లాగా వేరే అర్థం ఉంటుందా?

మొదటి సమాధానం

తలకిందులుగా పడితే నిలబెట్టి చదవండి, అంతే. ఈ పేక 1799 ప్రాంతంలో న్యూరెంబర్గ్‌కు చెందిన హెక్టెల్ రూపొందించిన పాచికలాట నుంచి వచ్చింది. ముక్కలను ఆరేసి చొప్పున ఆరు వరుసలు పరిచి ఆడేవారు, 35వదైన లంగరు మీదికి చేరినవారు గెలిచినట్టు. పారిస్‌లో జోస్యం చెప్పిన లెనార్మాండ్ 1843లో మరణించాకే ఆమె పేరు దీనికి తగిలించారు. ఇక ముక్కలన్నీ నిలువుగానే ఉంటాయి కాబట్టి మేఘాల బొమ్మలో చెడుకు గుర్తైన నల్లని అంచు ఏ చేతివైపు ఉండాలో అచ్చు వేసినవాళ్లే తేల్చేశారు. అది ఒక్కో పేకలో ఒక్కోలా ఉంటుంది. మీరు మేఘాలకు కుడివైపున ఉన్నారు గనుక, ముందు మీ ముక్కలో కుడి అంచు నల్లనిదో తెల్లనిదో చూడండి. కొడవలి ముక్కలో మొన విషయంలోనూ ఇదే పద్ధతి.

రెండో సమాధానం

పాత పద్ధతిలో గతం, భవిష్యత్తు అన్న లెక్క కంటే దగ్గర, దూరం అన్నవే ముఖ్యం. పేకతో పాటు వచ్చిన పాత వివరణ పత్రం ప్రకారం మేఘాల తెల్లని వైపు మనిషికి తిరిగి ఉంటే మేలు, నల్లని వైపు తిరిగి ఉంటే అప్రియం. ఉంగరం కుడివైపు ఉంటే మంచి పెళ్లి, ఎడమవైపు దూరంగా ఉంటే సంబంధం చెడిపోవడం. ఎలుకలు దూరంగా ఉన్నాయని చాలామంది ఊపిరి పీల్చుకుంటారు గాని, ఆ పత్రం చెప్పేది దానికి తలకిందులు: దగ్గరుంటే పోయిన వస్తువు దొరుకుతుంది, దూరమైతే ఇక దొరకదు. మనిషిని తాకుతున్న ఎనిమిది ముక్కలనే నేను దగ్గరివిగా లెక్కిస్తాను.

మూడో సమాధానం

ముఖం ఎటుందన్నది బొమ్మ గీసినవాడి ఇష్టం; దాన్ని కాలానికి ముడిపెట్టడం నాకు నచ్చదు. స్త్రీ పురుషులు ఎదురుబొదురుగా ఉన్నారా, వీపులు తిప్పుకున్నారా అన్నంతవరకే వాడతాను. ఏ పద్ధతైనా సరే, పేక కలపకముందే నిర్ణయించుకోండి; ముక్కలు చూశాక నిర్ణయిస్తే మనసుకు నచ్చిందే ఎంచుకుంటాం. తెలుగువాళ్లం తప్పటడుగు వేసే చోటు మరొకటుంది. జంటగా చదివేటప్పుడు మొదటి ముక్క విషయం, రెండోది దాని గుణం అని చాలామంది పాటిస్తారు. కుక్క (18) తరవాత నక్క (14) వస్తే నక్కజిత్తుల స్నేహితుడు. మన భాషలో గుణమే ముందు వస్తుంది కదా, అందుకని నక్క ముందు పడినప్పుడు ఆ అర్థం చెప్పేస్తుంటాం. నేను ఏడాది పాటు అలాగే తిరగేసి చదివాను.

ప్రశ్న వేసినవారు

ధన్యవాదాలు. నా పేకలో నల్లని అంచు ఎడమవైపు ఉంది, అంటే తెల్లని వైపే నాకు తిరిగి ఉందన్నమాట. ఉంగరం మాటా బాగుంది. ఎలుకల సంగతే మింగుడుపడటం లేదు; సంక్రాంతికి పోయిన చెవికమ్మ కోసం బీరువా వెనక ఇంకా వెతుకుతూనే ఉన్నాను.