యార్క్‌షైర్ 'లేక్' అంటే ఆటా, పని లేకపోవడమా?

ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ మాండలిక పదాల మీద చిన్న ప్రాజెక్టు చేస్తున్నాను. ఒక నేత మిల్లు కార్మికుడి పాత ఆడియోలో, 4వ నిమిషం దగ్గర, 'ఆ వారమంతా మేం లేకింగ్' అన్నట్టు వినిపించింది. మొదట కొరత అనే అర్థమున్న 'ల్యాక్' అనుకున్నాను. వేగం 0.75కి తగ్గించి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని పదిసార్లు విన్నాను. కాదు, దీర్ఘం స్పష్టంగా ఉంది.

జోసెఫ్ రైట్ ఇంగ్లిష్ మాండలిక నిఘంటువు (1898–1905, ఆరు సంపుటాలు) చూశాను. 'లేక్' (laik) అనే మాటకు ఆడుకోవడం, పని లేక ఖాళీగా ఉండటం, రెండర్థాలూ ఉన్నాయి. స్కాండినేవియా నుంచి వచ్చిన మాట. తర్వాత లీడ్స్ విశ్వవిద్యాలయం నుంచి హెరాల్డ్ ఆర్టన్ నడిపిన ఇంగ్లిష్ మాండలికాల సర్వే తీశాను. 313 చోట్ల, 1950–61 మధ్య సేకరించింది. అందులో నాకు దొరికింది పిల్లల ఆట అర్థమే. నిజానికి ఆ సర్వే ఎక్కువగా పల్లెల్లోని ముసలి రైతుల్నే అడిగింది. మిల్లు పట్టణాల మాట అందులో వెతకడం నా పొరపాటే.

ఇంకో చిక్కు: సర్వే నాటి జిల్లాలు 1974లో మారాయి. అప్పటి యార్క్‌షైర్‌లోని డెంట్ ఇప్పుడు కంబ్రియాలో ఉంది. అందుకే జిల్లా కాదు, ఊరి పేరే కావాలి.

లీడ్స్, బ్రాడ్‌ఫోర్డ్, హడర్స్‌ఫీల్డ్ వైపు ఉంటున్నవాళ్లు చెప్పండి: అక్కడి పెద్దవాళ్లు 'లేకింగ్' అనే మాటను పని లేకపోవడం అనే అర్థంలో వాడగా విన్నారా, విన్నది ఏ ఊళ్లో?