సబర్బ్ సిటీ కౌన్సిల్‌కి పోటీ: మనవాళ్ళ ఓట్లను నమ్ముకుని దిగొచ్చా?

లెబనాన్ రోడ్:
డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో చాలా ఏళ్ళుగా ఉంటున్నాం. సిటిజన్‌షిప్ వచ్చింది, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. ఈసారి మే ఎన్నికల్లో సిటీ కౌన్సిల్‌కి నిలబడమని మా తెలుగు మిత్రులు ఒకటే పోరు పెడుతున్నారు. వాళ్ళ లెక్క ఇది: 2000లో 33,714 మంది ఉన్న ఊరు 2020 జనాభా లెక్కల నాటికి 2,00,509కి చేరింది. అందులో దాదాపు నాలుగో వంతు ఆసియా మూలాలవాళ్ళు, వాళ్ళలోనూ మనవాళ్ళే ఎక్కువ. కార్యసిద్ధి హనుమాన్ గుడికి శనివారం వచ్చే జనం ఓటేస్తే చాలు, గెలిచినట్టే అంటున్నారు. మా ఆయనేమో ముందు ఏదైనా సిటీ బోర్డులో పనిచెయ్యి, పోటీ సంగతి తర్వాత చూద్దాం అంటారు. మీరేమంటారు? మనవాళ్ళ అభ్యర్థిగా ఇప్పుడే దిగాలా, కొన్నాళ్ళు ఆగాలా?

పాత కాపు:
దిగండమ్మా. దిగవద్దని మాత్రం నేను చెప్పను. కానీ మీ మిత్రులు చెప్పిన లెక్కను పక్కన పెట్టండి.

గుడిలో కనిపించే జనంలో ఓటున్నవాళ్ళెవరు? హెచ్‌-1బి మీద ఉన్నవాళ్ళకి లేదు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకీ లేదు. మనదేశంలో పుట్టినవాళ్ళకి ఉద్యోగం మీద వచ్చే గ్రీన్ కార్డు క్యూ పదేళ్ళు దాటి సాగుతోంది. అది వచ్చాక మామూలుగా ఇంకో ఐదేళ్ళు ఆగితే గానీ సిటిజన్‌షిప్‌కి దరఖాస్తు చెయ్యలేరు. ఆ తర్వాతైనా పోలింగ్‌కి 30 రోజుల ముందే ఓటరుగా నమోదు కావాలి. ఇంతా అయ్యాక, మే మొదటి శనివారం పిల్లల క్రికెట్, కూచిపూడి క్లాసు, పుట్టినరోజు పార్టీ మధ్యలో తీరిక చేసుకుని పోలింగ్‌కి వెళ్ళాలి. ముందస్తు ఓటింగ్ రోజులు ఉన్నాయి, కానీ మనవాళ్ళలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

ఇంకో చిక్కు. ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్ట్, ఫ్రిస్కో సిటీ ఒకటి కావు. స్కూల్ డిస్ట్రిక్ట్ పక్కనున్న ప్లేనో, మెకిన్నీ, లిటిల్ ఎల్మ్ ఊళ్ళలోకి కూడా వెళ్తుంది. పిల్లలు ఫ్రిస్కో స్కూల్లో చదువుతున్నారు కాబట్టి మేమూ మీకే ఓటేస్తాం అని మాటిచ్చేవాళ్ళలో కొందరి ఇళ్ళు అసలు సిటీ హద్దుల్లోనే ఉండవు.

పైగా మన మున్సిపల్ ఎన్నికల్లోలా వార్డుకో సభ్యుడు అన్న పద్ధతి ఇక్కడ లేదు. మేయరు, ఆరుగురు సభ్యులు. సీట్లకి నంబర్లుంటాయి గానీ ప్రతి సీటుకీ ఊరంతా ఓటేస్తుంది. పదవీకాలం మూడేళ్ళు. టెక్సస్ రాజ్యాంగం ప్రకారం రెండేళ్ళు మించిన పదవికి సగానికి పైగా ఓట్లు రావాలి, లేకపోతే మొదటి ఇద్దరి మధ్య మళ్ళీ ఎన్నిక, అదే రన్‌ఆఫ్. ఇండియాలో నలుగురు నిలబడితే ఓట్లు చీలి 30 శాతంతో కూడా గెలవొచ్చు. ఇక్కడ ఆ దారి లేదు. మొదటి రౌండు మనవాళ్ళతో గట్టెక్కినా రెండో రౌండులో మిగతా ఊరు మీ మొహం గుర్తుపట్టాలి.

ఓరుగల్లు:
అన్నా, లెక్కలన్నీ నిజమే, కాదనను. కానీ మీ మాటల్లో "మనవాళ్ళ అభ్యర్థి" అంటే ఏదో తప్పు చేసినట్టు వినిపిస్తోంది. చర్చి తోడుతో వచ్చినవాళ్ళున్నారు, రియల్ ఎస్టేట్ మిత్రుల అండతో వచ్చినవాళ్ళున్నారు, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) ప్రెసిడెంట్‌గా పేరు తెచ్చుకుని వచ్చినవాళ్ళున్నారు. వాళ్ళని ఎవరూ "మీవాళ్ళ అభ్యర్థా?" అని అడగరు. మనం నోరు తెరిస్తేనే ఎందుకు సంజాయిషీ?

బోర్డులో పనిచేసి రమ్మనే సలహా మీద నాకు ఇంకా కోపం. ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చూసే ప్లానింగ్ అండ్ జోనింగ్ కమిషన్‌కైనా, పార్కుల బోర్డుకైనా మనుషుల్ని నియమించేది కౌన్సిలే. అంటే కౌన్సిల్లో ఉన్నవాళ్ళు తలుపు తీస్తేనే లోపలికి. వాళ్ళకి నచ్చినవాళ్ళు బోర్డులోకి, బోర్డులో నలిగినవాళ్ళు కౌన్సిల్లోకి. ఈ వరసలో మన వంతు ఎప్పుడొస్తుంది?

ఊరంతా ఓటేసే పద్ధతి కూడా దేవుడు రాసిపెట్టింది కాదు. పక్కనే అర్వింగ్‌లో 2009లో ఫెడరల్ కోర్టు ఆ పద్ధతి లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) ఓటర్లకి అన్యాయం చేస్తోందని తీర్పిచ్చాక వార్డుల్లాంటి డిస్ట్రిక్టులు వచ్చాయి. ఫార్మర్స్ బ్రాంచ్‌లో 2012లో అలాంటి తీర్పే వచ్చింది, మరుసటి ఏడాదే ఒక లాటినా కౌన్సిల్‌కి ఎన్నికయ్యారు. మనమూ అడగాలి.

పాత కాపు:
తమ్ముడూ, ఫార్మర్స్ బ్రాంచ్ కథ మొదటి సగం కూడా చెప్పాలి. 2012 కంటే ముందు అదే ఊరి మీద అలాంటి దావానే ఓడిపోయింది. కారణమేంటో తెలుసా? ప్రతిపాదించిన డిస్ట్రిక్టులో జనాభా ఎంతున్నా, ఓటు వయసున్న సిటిజన్లలో తాము సగానికి మించి ఉన్నామని వాళ్ళు చూపించలేకపోయారు. మన ప్రాంతం కోర్టులు చూసేది ఆ సంఖ్యనే. వీసా మీద ఉన్నవాళ్ళు, గ్రీన్ కార్డువాళ్ళు ఆ లెక్కలోకి రారు. పైగా మనం ఒకచోట గుమిగూడి ఉండటం లేదు. ప్రతి కొత్త కాలనీలోనూ నాలుగు వీధుల మేర ఉన్నాం. ఎవరు ఎలా గీత గీసినా మనకొక డిస్ట్రిక్టు రావడం కష్టం.

కోర్టు లేకుండా చార్టర్, అంటే ఊరి మూల నిబంధనలు, మార్చుకునే దారి ఉంది. అర్హులైన ఓటర్లలో 5 శాతం లేదా 20,000 మంది, ఏది తక్కువైతే అన్ని సంతకాలు తెస్తే ఎన్నిక పెట్టాల్సిందే. ఆ సంతకాలు పెట్టాల్సిందీ ఓటర్లే. మళ్ళీ అక్కడికే వస్తాం.

బోర్డుల సంగతిలో నీ కోపం న్యాయమైనదే. అది తప్పనిసరి మెట్టు అని నేనూ అనను. అక్కడ కూర్చుంటే ఊరి పని ఎలా నడుస్తుందో తెలుస్తుంది, అంతే. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు కదా. ఆమె ముందు మాంట్‌గొమెరీ కౌంటీ రవాణా శాఖలో దాదాపు పాతికేళ్ళు ఇంజనీరు. ఏ కూడలిలో ఎందుకు ట్రాఫిక్ ఆగుతుందో తెలిసిన మనిషి ఓటడిగితే ఆ మాట బరువు వేరు.

గుడి మెట్లు:
అక్కా, మిగతావాళ్ళు రాజకీయం చెప్పారు, నేను డబ్బు సంగతి చెప్తాను. మనవాళ్ళు కాలు జారేది ఇక్కడే.

ముందు ప్రచారం డబ్బు లెక్కలు చూసే ట్రెజరర్‌ని నియమిస్తూ సిటీ సెక్రటరీకి ఫారం ఇవ్వాలి. అది ఇవ్వకుండా విరాళం తీసుకోకూడదు, సొంత డబ్బైనా ఖర్చు పెట్టకూడదు. ముందు ప్రచారం బోర్డులు ప్రింట్ చేయించేద్దాం, కాగితాలు తర్వాత చూసుకుందాం అనే ఉత్సాహవంతులు మన దగ్గర బోలెడు. వాళ్ళని ఆపండి.

హెచ్‌-1బి మీద, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. ఇది ఫెడరల్ చట్టం, చిన్న ఊరి ఎన్నికకీ వర్తిస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు ఇవ్వొచ్చు. డబ్బు తీసుకోకుండా ఇంటింటికీ తిరిగి కరపత్రాలు పంచడానికి మాత్రం వీసాతో పనిలేదు. కాబట్టి మన కుర్రాళ్ళని కాళ్ళతో సాయం చెయ్యమనండి, పర్సుతో వద్దు. ఇండియాలో ఉన్న అన్నదమ్ములు ప్రేమతో పంపిస్తామన్నా వద్దనండి.

కన్సల్టెన్సీ నడిపే పెద్దమనిషి ఇన్‌కార్పొరేట్ చేసిన కంపెనీ చెక్కు ఇస్తే తీసుకోకండి. టెక్సస్‌లో కార్పొరేషన్లు అభ్యర్థులకి విరాళం ఇవ్వడం నేరం. ఆయన సొంత ఖాతాలోంచి ఇవ్వమనండి. నగదైతే ఒక్కొక్కరి దగ్గర ఒక రిపోర్టింగ్ కాలానికి 100 డాలర్లు మించకూడదు. మామూలుగా పోలింగ్‌కి 30 రోజుల ముందు ఒకసారి, 8 రోజుల ముందు ఒకసారి లెక్క ఇవ్వాలి. అది అందరూ చూడొచ్చు, మీ ప్రత్యర్థి తప్పకుండా చూస్తాడు.

ఇక సంఘాలు. 501(సి)(3) కింద, అంటే పన్ను మినహాయింపున్న సేవాసంస్థగా నమోదైన తెలుగు సంఘం ఏదీ ఒక అభ్యర్థికి మద్దతు ప్రకటించకూడదు. సంక్రాంతి సంబరాల స్టేజీ మీద మిమ్మల్ని నిలబెట్టి "మన ఆడపడుచుకే ఓటు" అని మైకులో చెప్పారంటే మీకు ఓట్లొస్తాయో లేదో గానీ వాళ్ళకి తలనొప్పి ఖాయం. ఓటరు నమోదు టేబుల్ మాత్రం ఏ పక్షం లేకుండా పెట్టుకోవచ్చు. అది పెట్టించండి.

ఇంకొక్క మాట, చెప్పడం నాకు ఇష్టం లేదు గానీ చెప్పాలి. మన సంఘాల్లో ఎవరు ఏ సామాజిక వర్గం, అక్కడ ఏ పార్టీ అన్న గొడవలు ఇక్కడిదాకా వచ్చాయి. ఒక వర్గం వాట్సాప్ గ్రూపు మిమ్మల్ని నెత్తిన పెట్టుకుందంటే రెండో వర్గం మెల్లగా ఇంకొకరికి పని చేస్తుంది. మనవాళ్ళ ఓట్లు అని మనం అనుకునేవి ఒక మూట కాదు.

మాగ్నోలియా:
ఇంతసేపూ గెలుపు గురించే మాట్లాడుకున్నాం. నేను ప్లేనోలో ఉంటాను, మీకు ఓటెయ్యలేను, అయినా అడుగుతాను. గెలిచి ఏం చేస్తారు?

మనవాళ్ళు కౌన్సిల్ అనగానే స్కూళ్ళు అనుకుంటారు. స్కూళ్ళు వేరే బోర్డు చేతిలో ఉన్నాయి. ప్రాపర్టీ టాక్స్ తగ్గిస్తానంటే, ఆ బిల్లులో పెద్ద వాటా స్కూల్ డిస్ట్రిక్ట్‌దే. మీరు సిటీ వాటా గురించే మాట్లాడగలరు. 2019లో చట్టం మారాక సిటీ రోజువారీ ఖర్చుల పన్ను రాబడిని 3.5 శాతానికి మించి పెంచాలంటే సాధారణంగా ఓటర్లనే అడగాలి. వీసాల గురించి, వాషింగ్టన్ గురించి మీ చేతిలో ఏమీ లేదు. రోజువారీ పాలన కౌన్సిల్ నియమించే సిటీ మేనేజర్‌ది. మీ చేతిలో నిజంగా ఉండేది జోనింగ్, నీళ్ళు, రోడ్లు, పోలీసు, ఫైరు, పార్కులు, బడ్జెట్. అందులోనూ ఊరు రెండుగా చీలేది జోనింగ్ దగ్గర.

మా ప్లేనో అనుభవం చూడండి. 2015లో "ప్లేనో టుమారో" అని ఒక ప్రణాళిక ఆమోదించారు. అపార్ట్‌మెంట్లు, జనసాంద్రత పెరుగుతాయని కొందరు సంతకాలు సేకరించి ఓటింగ్ పెట్టమన్నారు. సిటీ ఒప్పుకోలేదు, కోర్టుకి వెళ్ళారు. ఏళ్ళ తరబడి సాగి 2020లో కౌన్సిల్ ఆ ప్రణాళికనే రద్దు చేసింది. ఆ ఏళ్ళలో జరిగిన ప్రతి కౌన్సిల్ ఎన్నిక మీదా దాని నీడ పడింది.

మన సంగతికొస్తే మనకే రెండు మనసులు. ఇల్లు కొనుక్కున్నవాళ్ళకి పక్కన అపార్ట్‌మెంట్లు రాకూడదు. కొత్తగా వచ్చిన తమ్ముడి కుటుంబానికి అద్దెకి అపార్ట్‌మెంటే కావాలి. మీరు ఏ పక్కన? "మనవాళ్ళ" పక్కన అంటే ఈ ప్రశ్నకి జవాబు కాదు.

2025 మేలో మీ ఊళ్ళోనే పర్ఫార్మింగ్ ఆర్ట్స్ సెంటర్ ప్రతిపాదనని ఓటర్లు తిరగ్గొట్టారు. ఆడిటోరియం దొరక్క అరంగేట్రాలకి ఇబ్బంది పడే కుటుంబాలు మన దగ్గర ఎన్నో. వాళ్ళలో ఓటున్నవాళ్ళు ఎంతమంది వెళ్ళి ఓటేశారో మీ మిత్రుల్ని అడగండి. అవునన్నా కాదన్నా సరే, అసలు వెళ్ళారా? ఆ రోజు రానివాళ్ళు మీ పేరు చూసి వస్తారని నేను నమ్మను.

ఓరుగల్లు:
నేను నమ్ముతాను. ఇక్కడే మీకూ నాకూ తేడా. సిటిజన్‌షిప్ వచ్చి ఏళ్ళయినా సిటీ ఎన్నికలో ఒక్కసారి కూడా ఓటెయ్యనివాళ్ళు నాకు చాలామంది తెలుసు. బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండదు, ఉన్న పేర్లలో తెలిసినది ఒక్కటీ ఉండదు, ఎవరికి వెయ్యాలో తెలియక ఊరుకుంటారు. తెలిసిన మనిషి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి అడిగితే వాళ్ళు మొదటిసారి కదులుతారు. ఒకసారి వేసినవాళ్ళు రెండోసారి జోనింగ్ గురించి కూడా అడుగుతారు. అందరూ పల్లకీ ఎక్కేవారే అయితే మోసేవారెవరు అంటారు. మన దగ్గర దానికి ఉల్టా, అందరం మోస్తున్నాం, ఎక్కడానికి ఒక్కరూ ముందుకు రావట్లేదు. అక్క ఓడినా పర్లేదు, ఆ ప్రచారంలో నమోదయ్యే ఓట్లు ఎక్కడికీ పోవు.

మాగ్నోలియా:
ఓడినా పర్లేదు అని మీరు అనొచ్చు. ఆరు నెలలు ఇల్లు, ఉద్యోగం పక్కన పెట్టి తిరిగేది ఆవిడ. ఓటర్లని నమోదు చెయ్యడానికి ఒకరి పేరు బ్యాలెట్ మీద పెట్టక్కర్లేదు.

లెబనాన్ రోడ్:
అందరికీ ధన్యవాదాలు. మాగ్నోలియా గారూ, మీ ప్రశ్నకి నా దగ్గర సగం జవాబే ఉంది. టోల్‌వే పక్కన ఆఫీసులు వచ్చేచోట అపార్ట్‌మెంట్లు వస్తే నాకు అభ్యంతరం లేదు. ఇళ్ళ మధ్యలో పాత జోనింగ్ మార్చి ఇస్తే ఒప్పుకోను. నీళ్ళ విషయం నేను ఇంకా చదువుకోవాలి. ఇది చెప్తే మా మిత్రుల్లో కొందరికి నచ్చదని తెలుసు, అయినా గుమ్మం గుమ్మానికీ ఇదే చెప్తాను.

ఓరుగల్లు తమ్ముడూ, నువ్వన్నట్టు మనవాళ్ళ గుమ్మాలు తప్పకుండా తొక్కుతాను. కానీ మా వీధిలో మొదట తట్టేది పక్కింటి రిటైర్డ్ ఫైర్‌ఫైటర్ గారి తలుపు. ఆయన ప్రతి మేలోనూ ఓటేస్తారు.

పాత కాపు గారూ, కిందటి మే ఎన్నికల్లో ఎవరెవరు ఓటేశారో ఆ జాబితా ఎక్కడ దొరుకుతుంది?

పాత కాపు:
కౌంటీ ఎన్నికల ఆఫీసులో అడగాలమ్మా. ఎవరికి వేశారో ఉండదు, ఎవరు వేశారో ఉంటుంది. ఫ్రిస్కో కాలిన్, డెంటన్ రెండు కౌంటీల్లోనూ ఉంది కాబట్టి రెండు చోట్లా తీసుకోండి, చాలామంది డెంటన్ వైపు మర్చిపోతారు. వరసగా మూడు మే ఎన్నికల్లో ఓటేసినవాళ్ళని ముందు విడదీయండి. ఆ తర్వాత సిటిజన్‌షిప్ ఉండి ఒక్కసారీ వెయ్యని మనవాళ్ళ జాబితా ఓరుగల్లు తమ్ముడికి ఇవ్వండి, అతను తిరుగుతాడు. నామినేషన్లు జనవరి మధ్యలో మొదలై ఫిబ్రవరి మధ్యకి అయిపోతాయి. ట్రెజరర్‌గా మీ ఆయన్ని పెట్టకండి, లెక్కలు తెలిసినవాళ్ళు, కాస్త మొండివాళ్ళు అయితే మంచిది.

గుడి మెట్లు:
మొండితనం నాకుంది. లెక్కలూ వచ్చు. కావాలంటే చెప్పండక్కా.