పువ్వులేని ఎపిప్రెమ్నమ్ షీటును పటంలో చుక్కగా పెట్టొచ్చా?

పాకుడుతీగ:
ఎపిప్రెమ్నమ్ పిన్నేటమ్ అనే తీగ వ్యాప్తి పటానికి హెర్బేరియం (ఎండబెట్టి కాగితపు షీట్లకు అతికించిన మొక్కల భాండారం) రికార్డులు వడపోసిన ప్రతిసారీ ఇదే పేచీ. ఆకులు మాత్రమే ఉన్న షీట్లు తీసెయ్యాలంటాను. చేమ కుటుంబపు ఈ తీగల్లో మూడు ప్రజాతులైన (దగ్గరి జాతుల గుంపులైన) ఎపిప్రెమ్నమ్, రాఫిడోఫోరా, సిండాప్సస్‌లను విడదీసేది అండాశయం లోపలి లెక్క. కోసి చూస్తే సిండాప్సస్‌లో ఒక్కటే అండం, ఎపిప్రెమ్నమ్‌లో కొద్దిపాటి, రాఫిడోఫోరాలో బోలెడు. ఆకులో ఆ లెక్క దొరకదు. మనీ ప్లాంటునే చూడండి: 1880లో పోథోస్ అన్నారు, తర్వాత సిండాప్సస్ అన్నారు, 1962లో పూత కంటబడ్డాక రాఫిడోఫోరా అన్నారు, 1964లో గానీ ఎపిప్రెమ్నమ్‌కు చేరలేదు.

ఎండుటాకు:
మరీ అంత కఠినం వద్దండి. ముదురు ఆకు ఉంటే పిన్నేటమ్‌ను పట్టుకోవచ్చు. నడిమి ఈనెకు ఆనుకుని సూదితో పొడిచినట్టు చిల్లుల వరుస ఉంటుంది. అతికించిన షీటులో వాటిలోంచి వెనక కాగితం తెల్లచుక్కల్లా కనిపిస్తుంది. పదిరెట్ల లెన్సు పెట్టండి: అంచు నున్నగా ఉంటే ఆకుదే, చిరుగులు చిరుగులుగా ఉంటే పురుగుది. లేత ఆకు ఒక్కటే ఉన్న షీటైతే మీ మాటే నాదీ.

పాకుడుతీగ:
మరి రాఫిడోఫోరా పెర్ట్యూసా? దానికీ నడిమి ఈనె పక్కన చిల్లులే. పేరుకు అర్థమే చిల్లులు పడ్డదని!

సీసామూత:
ఇద్దరూ షీటు దగ్గరే ఆగిపోయారు. డేటాబేసులో "పువ్వు లేదు" అని ఉంటే సేకరణలోనే లేదని కాదు. స్పాడిక్స్ (పువ్వులు కిక్కిరిసిన కంకి) కండగా ఉంటుంది, ప్రెస్సులో (మొక్కను నొక్కి ఆరబెట్టే చట్రంలో) నలిగి రూపు చెడుతుంది. అందుకే 70 శాతం ఆల్కహాలు సీసాలో వేస్తారు. సీసా ఒక గదిలో, షీటు ఇంకో బీరువాలో. లేబుల్ మూల "స్పిరిట్‌లో ఉంది" అని రాసిన మాట డేటా ఎక్కించేటప్పుడు జారిపోతుంది.

ముందు సేకర్త పేరు, సేకరణ నంబరు కలిపి వెతకండి. అదే నంబరు నకళ్లు వేరే హెర్బేరియాలకూ వెళ్తాయి; ఒకచోట ఆకే ఉన్నా ఇంకోచోట కాయ ఉండొచ్చు. ఈ పని వదిలేస్తే ఒకే మొక్క పటంలో నాలుగు రికార్డులై కూర్చుంటుంది.

కొత్తగా సేకరించేవాళ్లు ఒక స్పాడిక్స్‌ను నిలువునా చీల్చి ప్రెస్సులో, ఇంకోదాన్ని సీసాలో పెట్టాలి. సీసాలో వేసే చీటీ పెన్సిలుతోనే రాయండి, చాలా సిరాలు ఆల్కహాలులో కరిగిపోతాయి. లావు కాండాన్ని చీల్చకపోతే లోపల తడి ఆరదు, కుళ్లుతుంది. డీఎన్ఏ కోసం ఆకు ముక్కను ఆల్కహాలు తగలకముందే సిలికా జెల్‌లో వెయ్యాలి. లేత ఆకు, ముదురు ఆకు రెండూ ఒకే తీగ నుంచి తియ్యండి. రసం దురద, గ్లవ్స్ మరవొద్దు.

ఎండుటాకు:
ఒకటి చేరుస్తా. మనీ ప్లాంటును కొన్నాళ్లు పిన్నేటమ్‌లోనే ఒక సాగురకంగా లెక్కేశారు. దాని సహజ నివాసం పసిఫిక్‌లోని మోరియా దీవి. తోటల నుంచి తప్పించుకుని అడవిలో పాకిన తీగలు పాత షీట్లలో పిన్నేటమ్ పేరుతోనే ఉండొచ్చు. "నాటినది" అన్న మాట లేబుల్ మీద లేకపోతే పటం అబద్ధం చెబుతుంది.

పాకుడుతీగ:
సరే, నంబరు వెతుకులాట ఒప్పుకున్నా. అప్పటికీ అండాశయం దొరకని షీటును ప్రజాతి స్థాయిలోనే, అదీ ప్రశ్నార్థకంతో ఉంచుతా. చిల్లుల రాఫిడోఫోరా పెరగని ప్రాంతమైతే మీ లెన్సు పరీక్ష చెల్లుతుంది. శ్రీలంక, దక్షిణ భారతం షీట్లకు మాత్రం చెల్లదు, పెర్ట్యూసా అక్కడిదే.