గిట్‌కి బటన్ల యాప్ సరిపోతుందా, కమాండ్లే కొట్టాలా?

ప్రశ్న (భీమవరం నుంచి)
రొయ్యల చెరువుల మేత లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ మీద నలుగురం పనిచేస్తున్నామండి, కోడ్ మార్పుల చరిత్ర గిట్ అనే టూల్లో దాచుకుంటాం. ఇద్దరు వీఎస్ కోడ్ ఎడిటర్లో బటన్లు నొక్కుతారు, ఇద్దరు టెర్మినల్ (కమాండ్లు కొట్టే విండో) వదలరు. అందరూ ఒకటే వాడాలని రూల్ పెట్టాలా? ఇంకోటి, కరెంటు పోయి వచ్చాక ఇండెక్స్.లాక్ ఇప్పటికే ఉందంటూ కమిట్ (మార్పుల్ని చరిత్రలో భద్రపరచడం) ఆగిపోతోంది. బటన్ల వల్లేనా?

కాకినాడ నుంచి
రూల్ అక్కర్లేదండి. ఎలా చేసినా కింద రిపాజిటరీ (కోడ్, దాని చరిత్ర ఉండే చోటు) ఒక్కటే. ఏ పనికి ఏది అన్నదే చూసుకోవాలి.

ఒకే ఫైల్లో రెండు వేరు మార్పులు కలిసిపోతే, వాటిని రెండు కమిట్లుగా విడదీయడానికి బటన్లే సుఖం. కావలసిన లైన్లు ఎంచుకుని స్టేజ్ చేస్తే (తర్వాతి కమిట్‌లోకి చేరిస్తే) సరి. "గిట్ యాడ్ -పి" అయితే ముక్క ముక్కకీ జవాబు చెప్పాలి. పక్కపక్క లైన్లు 'ఎస్' (ముక్కని విడగొట్టు) కొట్టినా విడవవు, 'ఇ' కొట్టి ప్యాచ్‌ని (ఆ మార్పుల జాబితాని) చేత్తో దిద్దాలి.

రెండు బటన్లతో మాత్రం జాగ్రత్త. "సింక్" అంటే పుల్ (సర్వర్ నుంచి తెచ్చుకోవడం), పుష్ (సర్వర్‌కి పంపడం) రెండూ. మెర్జ్ అయిన (ఇతరుల మార్పులతో కలిసిన) కోడ్ నడిపి చూసేలోపే సర్వర్‌కి వెళ్లిపోతుంది. "డిస్కార్డ్" (మార్పు పారెయ్యి) ఇంకా ప్రమాదం: స్టేజ్ కూడా చెయ్యని మార్పుకి గిట్ దగ్గర కాపీ ఉండదు. కమిట్ చేసింది అంత తేలిగ్గా పోదు, హార్డ్ రీసెట్ (బలవంతంగా పాత కమిట్‌కి వెనక్కి వెళ్లడం) కొట్టినా "గిట్ రెఫ్‌లాగ్"లో (మీరు ఉన్న కమిట్ల చిట్టాలో) దొరుకుతుంది. ఏ బ్రాంచికీ (పని నడిచే శాఖకీ) అందని ఎంట్రీలు కూడా మామూలుగా 30 రోజులుంటాయి. వీఎస్ కోడ్ అవుట్‌పుట్ ప్యానెల్‌లో గిట్ ఎంచుకోండి, ప్రతి బటన్ వెనక నడిచిన కమాండ్ కనిపిస్తుంది.

అమలాపురం నుంచి
లాక్ విషయంలో బటన్ల తప్పేం లేదు. గిట్ ఇండెక్స్ (స్టేజ్ చేసినవాటి జాబితా) రాసేముందు ఇండెక్స్.లాక్ ఫైల్ పెట్టుకుని, రాశాక తీసేస్తుంది. మన కాలవ లాకుల్లాగే, లోపల పడవ ఉండగా రెండోది రాకూడదు. మధ్యలో కరెంటు పోతే తలుపులు మూసినవి మూసినట్టే ఉండిపోతాయి. ఎడిటర్, యాప్ అన్నీ మూసి, టాస్క్ మేనేజర్‌లో గిట్ ప్రాసెస్ లేదని చూసుకున్నాకే .గిట్ ఫోల్డర్లోని ఇండెక్స్.లాక్ తీసెయ్యండి. గిట్ నడుస్తుండగా తీస్తే ఇండెక్స్ పాడవ్వచ్చు.

అసలు భయపడాల్సింది "ఆబ్జెక్ట్ ఫైల్ ఖాళీగా ఉంది" అన్న ఎర్రర్‌కి. ఆబ్జెక్ట్ ఫైళ్లంటే గిట్ చరిత్రని దాచుకునేవి. డేటా డిస్క్‌కి చేరకముందే కరెంటు పోతే సున్నా బైట్ల ఫైళ్లు మిగులుతాయి. ఏవి పోయాయో "గిట్ ఎఫ్ఎస్‌సీకే --ఫుల్" చెబుతుంది. ఒక్కొక్కటీ బాగుచేయడం కన్నా, సర్వర్ నుంచి కొత్తగా క్లోన్ చేసి (పూర్తి కాపీ తెచ్చుకుని), పాత ఫోల్డర్లో మారిన ఫైళ్లు (.గిట్ వదిలేసి) దాని మీదకి కాపీ చేసుకోవడం తేలిక. పుష్ చెయ్యని కమిట్ల చరిత్ర పోతుంది, ఫైళ్లు పోవు. అందుకే మబ్బు పట్టగానే పుష్ చేసెయ్యండి.

రాజమండ్రి నుంచి
రూల్ అక్కర్లేదన్నారు గానీ, ఒక్కటి కావాలి. కొన్ని యాప్‌లు తమ సొంత గిట్‌ని వెంట తెచ్చుకుంటాయి, లైన్ ఎండింగ్ (లైన్ చివర ఉండే కనపడని గుర్తు) సెట్టింగ్ వేరేగా ఉండొచ్చు. అప్పుడు ఒక్క లైన్ మార్చినా ఫైల్ మొత్తం మారినట్టు చూపిస్తుంది. రిపాజిటరీలో .గిట్‌అట్రిబ్యూట్స్ ఫైల్ పెట్టి "* టెక్స్ట్=ఆటో" అని రాసి, "గిట్ యాడ్ --రీనార్మలైజ్ ." కొట్టి ఒకసారి కమిట్ చేయండి. రీబేస్ (కమిట్లని కొత్త చోట మళ్లీ పేర్చడం) తర్వాత పుష్‌కి ఉత్త --ఫోర్స్ (సర్వర్‌లో ఉన్నదాని మీద బలవంతంగా రాయడం) వద్దు, --ఫోర్స్-విత్-లీజ్ వాడండి. మీరు చివరిసారి తెచ్చుకున్నాక సర్వర్‌లో ఎవరైనా ఏదైనా పెట్టి ఉంటే పుష్‌ని ఆపేస్తుంది.

ప్రశ్న వేసినవారు
చాలా థ్యాంక్సండి. చెరువు.సీఎస్‌వీ లాంటి తెలుగు పేర్లు టెర్మినల్లో \340\260\232 అని అంకెలుగా వస్తున్నాయి. యాప్‌లో బాగానే ఉన్నాయి. ఫైల్ పాడైందా?

కాకినాడ నుంచి
పాడవ్వలేదండి. ఆస్కీ (ఇంగ్లీషు అక్షరాల కోడ్) కాని బైట్లని గిట్ అలా ఆక్టల్ (ఎనిమిది ఆధారం) అంకెల్లో చూపిస్తుంది. "గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ కోర్.కోట్‌పాత్ ఫాల్స్" ఒక్కో మెషీన్లో ఒకసారి కొట్టండి. ఆ తర్వాత కూడా డబ్బాలు కనిపిస్తే అది టెర్మినల్ ఫాంట్ గొడవ, గిట్‌ది కాదు.