ఐదడుగుల అక్వేరియానికి ఏ చేపలు, ఏ ఫిల్టరు?

మాది శ్రీకాకుళం. మేడ మీద హాల్లో 5 అడుగుల పొడవు, 2 వెడల్పు, 2 ఎత్తు అక్వేరియం పెట్టిద్దామనుకుంటున్నాం. నీళ్లే 560 లీటర్లు, అంటే గాజు, గులకరాళ్లు కాకుండానే అర టన్ను పైమాటే. గోడవారన బీమ్ మీదకి వచ్చేలా పెడితే చాలా, లేక ఇంజినీరుకి చూపించాలా?

మా అబ్బాయి ఆస్కార్ చేపలే కావాలంటాడు. అవి అడుగు దాకా పెరుగుతాయి, చిన్నవాటిని మింగేస్తాయి. నాకు ఏంజెల్ చేపలే నయమనిపిస్తోంది. మా బోరు నీళ్లకి గిన్నెల మీద తెల్లచార కడుతుంది. ఏంజెల్స్‌కి ఈ నీళ్లు పడతాయా?

కానిస్టర్ ఫిల్టరు (తొట్టె బయట పెట్టే డబ్బా ఫిల్టరు) పెద్దది ఒకటా, చిన్నవి రెండా? అసలు టెన్షన్ కరెంటుతోనే. 2018లో తిత్లీ తుఫానప్పుడు రోజుల తరబడి లేదు. ఇన్వర్టర్ ఉంది, అయినా బ్యాటరీ ఎయిర్ పంపు విడిగా కొనాలంటారా? వాడుతున్నవాళ్లు చెప్పండి.