అప్‌డేట్: ఉపవాసాలు చేసినా మనశ్శాంతి లేదన్నాను కదా

శుక్రవారం ఉపవాసాలు, ఆల్‌నైట్ ప్రార్థనలు, చర్చి క్వయర్‌లో పాడటం అన్నీ చేస్తున్నా లోపల టెన్షన్ తగ్గట్లేదు, ఏం చేయాలని అడిగాను. ఇంకా ఎక్కువ ప్రార్థించమని చాలామంది అన్నారు. ఒకరు మాత్రం బైబిల్లో యిర్మీయా 6:16 ఒక్కటే కాదు, అధ్యాయం మొత్తం చదవమన్నారు, వాళ్లకి థాంక్స్.

16వ వచనం నాకు నోటికే వచ్చు, మంచి మార్గమేదో అడిగి అందులో నడవండి, నెమ్మది దొరుకుతుందని. కానీ వెంటనే ప్రజలు "మేము నడవం" అన్నారు, పైగా 20లో వాళ్లు దూరాన ఉన్న షేబ దేశం నుంచి సాంబ్రాణి తెప్పించి మరీ బలులు ఇస్తుంటే దేవుడు నాకొద్దంటాడు, ఎందుకంటే 13లోనే ఉంది, చిన్నా పెద్దా అందరికీ డబ్బాశే. భక్తికి లోటు లేదు, నడకే లేదు. మత్తయి 11లో యేసు ప్రాణానికి విశ్రాంతి ఇస్తానన్నదీ తన కాడి ఎత్తుకున్నవాళ్లకే, అంటే ఆయన చెప్పినట్టు నడిచేవాళ్లకే.

మా ఇంట్లో ఆ నడక అంటే పొలం గట్టు గొడవ. మా అన్నయ్య వాళ్లతో మాటల్లేవు. మత్తయి 5:24 ప్రకారం దేవుడికి కానుక ఇచ్చేకంటే ముందు సోదరుడితో సమాధానపడాలి కదా, అందుకే స్వీట్ బాక్స్ పట్టుకుని వెళ్లాను. అన్నయ్య టీవీ మీద నుంచి కళ్లు తిప్పలేదు. వదిన మాత్రం టీ పెట్టి, "చక్కెర తక్కువే వేశాను, నీకు అలాగే ఇష్టం కదా" అంది.

గట్టు సంగతి ఇంకా తేలలేదు, సర్వేయర్ రావాలి. నిద్ర మాత్రం పడుతోంది. క్వయర్ మానేశావా అని అడిగినవాళ్లకి: లేదు, పాడుతూనే ఉన్నాను.