సీతాఫలాల పండుగ రోజుకు కాయలన్నీ ఒకేసారి మాగేదెలా?

మాది బాలానగర్ దగ్గర పల్లె. ఏటా దసరా తర్వాత ఆదివారం ఊళ్లో సీతాఫలాల పండుగ చేస్తాం. గుట్టల మీది కాయలే పెట్టాలని పెద్దల పట్టు, నాకూ అదే ఇష్టం.

చిక్కంతా మాగబెట్టడంలోనే. కండ్ల మధ్య గీతలు తెల్లబడి విచ్చుకున్న కాయల్నే శుక్రవారం పొద్దున కోసి, గంపల్లో వరిగడ్డి పరిచి పేర్చాం. ఆదివారానికి సగం మెత్తబడి పగిలాయి, మిగతావి రాళ్లలా ఉన్నాయి. ముందే పండినవి ఆపుదామని ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడింది. గుజ్జు తియ్యగానే ఉన్నా ఎవరూ ముట్టలేదు. కాయల్ని సైజులవారీగా వేరుచేసినా అంతే. కార్బైడ్ నిషేధం, పైగా పిల్లలు తినేవి, దాని జోలికి పోం.

సీతాఫలాలు మాగబెట్టే అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి: మందుల్లేకుండా గంపలోని కాయలన్నీ ఒకే రోజుకు పండాలంటే ఏం చేయాలి?